ఆగిపోయిన ధరల బోర్డు

మాంచెస్టర్ వాన మన వానలా కురిసి వెలిసిపోదు. సన్నని ముసురై పట్టుకుంటుంది. సెయింట్ ఆన్స్ స్క్వేర్‌లో తడుస్తుంటే మా అబ్బాయి "నాన్నా, ఇటు" అంటూ రాయల్ ఎక్స్చేంజ్‌లోకి లాక్కెళ్లాడు.

మెట్లెక్కగానే పెద్ద హాలు, తలెత్తితే గాజు గుమ్మటం. ఒకప్పుడు వేలమంది వ్యాపారులు ఈ నేల మీద నిలబడి నూలుకీ బట్టకీ బేరాలాడేవారట. 1940లో జర్మన్ బాంబులకి హాలు బాగా దెబ్బతింది. తర్వాత చిన్నగా కట్టుకున్నారు, 1968లో బేరాలే ఆగిపోయాయి. ఇప్పుడు మధ్యలో నాటకశాల ఉంది, అంతరిక్ష నౌకలాంటి ఉక్కు చట్రం. నేల అంత బరువు మోయలేదని దాన్ని చుట్టూ ఉన్న భారీ స్తంభాలకి వేలాడదీశారు. ఏడొందల మంది కూర్చుంటారు. మావాడు దాన్నే చూస్తున్నాడు.

నా కళ్లు మాత్రం పైనున్న ధరల బోర్డు మీదే. వ్యాపారం జరిగిన ఆఖరి రోజు అంకెలు ఇంకా అలాగే ఉన్నాయి. పత్తి అమ్మడానికి మా నాన్నతో గుంటూరు వెళ్లిన రోజులు గుర్తొచ్చాయి. ఆ పూట రేటు తెలిసేదాకా ఆయన నోట మాట ఉండేది కాదు. మారని రేటు చూడటం నాకిదే మొదటిసారి.

మేం వెళ్లేసరికి టౌన్‌హాలు మరమ్మతుల్లో ఉంది, బయటినుంచే దణ్ణం పెట్టాం. ఆ పక్క సందులో అబ్రహాం లింకన్ కనిపించాడు! ఈయనకి ఇక్కడేం పని? అమెరికా అంతర్యుద్ధంలో లింకన్ ప్రభుత్వం దక్షిణాది రేవులు మూసేస్తే ఇక్కడి మిల్లులకి పత్తి అందలేదు, ఈ చుట్టుపక్కల లాంకషైర్ ప్రాంతమంతా పస్తులుంది. అయినా 1862 డిసెంబర్ 31న మాంచెస్టర్ కార్మికులు సభ పెట్టి, బానిసత్వానికి ఎదురు నిలిచిన లింకన్‌కే మద్దతు పలికారు. జనవరిలో ఆయన కృతజ్ఞతగా ఉత్తరం రాశాడు. అందులోని మాటలు దిమ్మె మీద చెక్కి ఉన్నాయి.

ఆ కరువే మన కాకినాడ రేవుకి కలిసొచ్చింది. గుంటూరు వైపు పత్తి అక్కడినుంచి ఓడలెక్కింది. ఆ రకానికి 'కొకనాడా' అన్న పేరే స్థిరపడింది.

ఈ విగ్రహం అసలు లండన్‌కి రావలసింది. చేతులు కడుపు మీద పెట్టుకుని కడుపునొప్పి మనిషిలా ఉన్నాడని అమెరికాలోనే గొడవ చేస్తే, లండన్‌కి వేరేది పంపి దీన్ని 1919లో మాంచెస్టర్‌కి ఇచ్చారు. దగ్గరికెళ్లి చూశాను. చేతులు కడుపు మీదే ఉన్నాయి. పస్తులున్న ఊరికి ఆ నిలబడ్డ తీరు సరిగ్గానే ఉందనిపించింది నాకు.