హయెక్‌ను తప్పుగా చదివి పోగొట్టుకున్న మార్కులు

టెస్ట్ సిరీస్‌లో ఆ ప్రశ్న చూడగానే సంబరపడ్డాను. సంక్షేమ రాజ్యంపై (పౌరుల కనీస అవసరాల బాధ్యత తీసుకునే ప్రభుత్వంపై) సాంప్రదాయ ఉదారవాద ఆర్థికవేత్తల, అంటే వ్యక్తి స్వేచ్ఛ, మార్కెట్, పరిమిత ప్రభుత్వం కోరేవాళ్ల చర్చను వివరించండి, 15 మార్కులు. ఇంతకంటే తేలికైనది ఏముంటుంది? ఒక పక్క స్మిత్, హయెక్, ఫ్రీడ్‌మన్‌లను, ఇంకో పక్క కీన్స్, బెవరిడ్జ్‌లను నిలబెట్టాను. వీళ్లు మార్కెట్ అంటారు, వాళ్లు ప్రభుత్వం అంటారు. చివర్లో రెండింటికీ సమతుల్యం అవసరమని తగిలించి పెన్ను కింద పెట్టాను. వచ్చినవి 4 మార్కులు. పేపరు దిద్దినాయన పక్కన ఇలా రాశారు: "అడిగింది వాళ్లలో వాళ్ల చర్చ. మీరు రాసింది రెండు జట్ల స్కోర్‌కార్డు."

కోపం వచ్చిందని దాచుకోను. రెండు రోజులయ్యాక నోట్స్ పక్కన పడేసి మూల గ్రంథాల్లో ఆ అధ్యాయాలు మాత్రం తీసి చదివాను. తప్పు నాదేనని అప్పుడు తెలిసింది. ఈ టాపిక్ చదువుతున్నవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు ఆడమ్ స్మిత్. 1776 నాటి 'ద వెల్త్ ఆఫ్ నేషన్స్' మొత్తంలో 'అదృశ్య హస్తం' (ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా సమాజానికి మేలు జరుగుతుందన్న పోలిక) అనే మాట వచ్చేది ఒక్కసారే. మనం మాత్రం ప్రతి జవాబులో మూడుసార్లు వాడేస్తాం! అసలు సరుకు ఐదో భాగంలో ఉంది. దేశ రక్షణ, న్యాయ పాలన, ప్రైవేటు వాళ్లకు లాభం రాదు కాబట్టి ఎవరూ పూనుకోని ప్రజా నిర్మాణాలు, సంస్థలు: ఈ మూడూ ప్రభుత్వ బాధ్యతలంటాడు. ఒకే చిన్న పనిని జీవితమంతా చేసే కార్మికుడి బుద్ధి మొద్దుబారిపోతుందని, అందుకే సామాన్యుల చదువును ప్రభుత్వం పట్టించుకోవాలని కూడా అంటాడు. శ్రమ విభజనను అంతగా మెచ్చుకున్న మనిషే దాని దుష్ఫలితాన్నీ చెప్పాడు. జవాబులో ఈ ఒక్క పాయింటు పడినా, మీరు పుస్తకం తెరిచారని దిద్దేవాళ్లకు అర్థమవుతుంది.

తర్వాత నిరుపేదలకు స్థానిక పన్నులతో సాయం చేసే ఇంగ్లండ్ పేదల చట్టం. దీన్ని నేను మొదట్లో చరిత్ర పాఠం అనుకుని వదిలేశాను. పేదలకు సాయం చేస్తే జనాభా పెరిగి కూలి తగ్గుతుందని మాల్థస్ వాదన. రికార్డో కూడా ఆ చట్టాలను క్రమంగా ఎత్తేయాలన్నాడు. అయితే నస్సావ్ సీనియర్ అనే ఆర్థికవేత్త ముఖ్యపాత్ర వహించిన కమిషన్ సిఫారసులతో 1834లో వచ్చిన కొత్త చట్టం సాయాన్ని ఎత్తేయలేదు, కఠినం చేసింది. సాయం పొందేవాడి పరిస్థితి, సొంతంగా కష్టపడే అతి పేద కూలీ పరిస్థితి కంటే మెరుగ్గా ఉండకూడదన్నది దాని సూత్రం. ఒకే బడిలోవాళ్ల మధ్య అప్పటికే ఇంత తేడా ఉంది. 1848లో జాన్ స్టూవర్ట్ మిల్ వచ్చి, ఉత్పత్తి నియమాలు ప్రకృతి సూత్రాల్లాంటివి గానీ పంపిణీ మాత్రం సమాజం చేసుకునే ఏర్పాటని చెప్పడంతో ప్రభుత్వ సాయానికి తలుపు ఇంకాస్త తెరుచుకుంది. ఫ్రెంచ్ ఆర్థికవేత్త బాస్టియా గురించి ఒక లైను చాలు: ప్రభుత్వ ఖర్చులో కంటికి కనబడే లాభాన్నే కాదు, కనబడని నష్టాన్ని కూడా లెక్కేయమన్నాడు.

ఇక నా మార్కులు ఎక్కువగా పోయిన చోటు హయెక్. సంక్షేమం మొత్తానికీ ఆయన వ్యతిరేకి అని రాశాను. 1944లో వచ్చిన 'ద రోడ్ టు సెర్ఫ్‌డమ్' తొమ్మిదో అధ్యాయంలో ఆయన భద్రతను రెండు రకాలుగా విడదీస్తాడు. ఆరోగ్యాన్నీ పని చేసే శక్తినీ కాపాడుకోవడానికి సరిపడా తిండి, బట్ట, నీడ అందరికీ హామీ ఇవ్వడం మొదటిది. దీనికి ఆయన ఒప్పుకుంటాడు. జబ్బు, ప్రమాదం లాంటి వాటికి ప్రభుత్వం సామాజిక బీమా ఏర్పాటు చేయడం కూడా తప్పు కాదంటాడు. ఫలానా వర్గానికి ఫలానా ఆదాయం తగ్గకుండా చూస్తామనే హామీ రెండోది. ఆయనకు భయం దీనితోనే. ఎందుకంటే ఒక వృత్తికి గిరాకీ పడిపోయినా దాని ఆదాయం పడకూడదంటే, అందులోకి కొత్తవాళ్లు రాకుండా ఆపాలి, ధరలు బిగించాలి, ఆ భారం రక్షణ లేనివాళ్ల మీద పడుతుంది. అంటే ఆయన అడిగేది ఎంత ఇస్తున్నారని కాదు, ఇవ్వడం కోసం మార్కెట్‌ను ఆపేస్తున్నారా అని.

ఇంకో తమాషా. బ్రిటన్ సంక్షేమ రాజ్యానికి నమూనాగా చెప్పే 1942 నాటి నివేదిక రాసిన బెవరిడ్జ్ కూడా లిబరల్. హయెక్ 1931లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వచ్చినప్పుడు అక్కడి డైరెక్టర్ ఆయనే. కీన్స్ అయితే హయెక్ పుస్తకం చదివి ఉత్తరం రాశాడు. నైతికంగా, తాత్వికంగా దాదాపు అంతా ఒప్పుకుంటూనే, గీత ఎక్కడో ఒకచోట గీయాలని మీరే అంటున్నారు, ఎక్కడ గీయాలో మాత్రం చెప్పడం లేదని దెప్పాడు. నా దృష్టిలో ఈ చర్చకంతటికీ కీలకం ఆ ఉత్తరమే. ఇప్పుడు నా జవాబుకు ఉపోద్ఘాతం కూడా అదే.

గీత ఎక్కడన్నదానిపై సొంత గూటిలోనే గొడవలు జరిగాయి. 1947లో స్విట్జర్లాండ్‌లో జరిగిన ఉదారవాద మేధావుల మొదటి మాంట్ పెలెరిన్ సమావేశంలో ఆదాయ పంపిణీ గురించి మాట్లాడుతుండగా, మార్కెట్‌లో ప్రభుత్వ జోక్యాన్ని గట్టిగా వ్యతిరేకించే ఆర్థికవేత్త మీసెస్ లేచి, మీరంతా సోషలిస్టులేనని విసురుగా వెళ్లిపోయాడని ఫ్రీడ్‌మన్ చెప్పేవాడు. ఆ గదిలో హయెక్, ఫ్రీడ్‌మన్ ఉన్నారని గుర్తు పెట్టుకోండి. నాకు ఒత్తిడిగా ఉన్నప్పుడల్లా ఈ కథ తలుచుకుని నవ్వుకునేవాణ్ణి.

ఫ్రీడ్‌మన్ 1962లో 'క్యాపిటలిజం అండ్ ఫ్రీడమ్'లో పెట్టిన నెగెటివ్ ఇన్‌కమ్ ట్యాక్స్‌ను (ఆదాయం తక్కువున్నవాళ్ల దగ్గర పన్ను తీసుకోకుండా ప్రభుత్వమే ఎదురు డబ్బిచ్చే పద్ధతిని) నిర్వచనంతో సరిపెట్టొద్దు, లెక్క వేసి చూపించండి. ఏ ఆదాయమూ లేనివాడికి 100 యూనిట్లు హామీ, కోత రేటు (సంపాదనలో ఎంత వంతు సాయం నుంచి తగ్గిస్తారన్నది) 50% అనుకుందాం. వాడు 60 సంపాదిస్తే సాయంలో 30 తగ్గుతుంది, 70 అందుతుంది, చేతిలో మొత్తం 130. సంపాదన 200కు చేరితే సాయం సున్నా. అదే మామూలు పథకంలో సంపాదించినంతా కోసేస్తే, 60 సంపాదించినా చేతిలో 100 మాత్రమే ఉంటుంది. అంటే 100% పన్ను కట్టినట్టే, ఇక పనికి ఎందుకు వెళ్తాడు? ఇక్కడితో ఆగితే ఫ్రీడ్‌మన్ లాయరులా ఉంటుంది. హామీని 150కి పెంచి రేటు 50% దగ్గరే ఉంచితే, సాయం 300 ఆదాయం దాకా పాకుతుంది, ఖర్చు పెరుగుతుంది. 200 దగ్గరే ఆపాలంటే రేటు 75% చేయాలి, పని చేయాలన్న కోరిక తగ్గుతుంది. హామీ, ప్రోత్సాహం, ఖర్చు మూడూ ఒకేసారి చేతికి చిక్కవు. ఈ లెక్క నేను నాలుగు లైన్లలో రాయడం నేర్చుకోవడానికి వారం పట్టింది. ఒక టేబుల్ గీస్తే ఇంకా తొందరగా అయిపోతుంది.

నోట్స్ విషయానికొస్తే, పేర్ల వారీగా రాసుకున్నవన్నీ తీసేశాను. ప్రతి ఒక్కరి కిందా 'ఎంతవరకు ఒప్పుకున్నాడు, ఎక్కడ ఆగాడు, ఎందుకు' అని మాత్రం రాసుకున్నా. మాల్థస్ నుంచి ఫ్రీడ్‌మన్ దాకా ఒకటిన్నర పేజీలో సరిపోయింది. అదే ప్రశ్న మళ్లీ రాసి పంపితే 9 వచ్చాయి. పక్కన ఈసారి ఒక్క మాటే: "బుకానన్ ఏడి?"

నిజమే. సంక్షేమం గురించి ఇంత మాట్లాడి, దాన్ని నడిపే నాయకులకూ అధికారులకూ సొంత లెక్కలుంటాయన్న, ఆర్థికవేత్త జేమ్స్ బుకానన్ పబ్లిక్ చాయిస్ వాదాన్ని వదిలేశాను. ఈ వారం ఆయన దగ్గరే ఉన్నాను.