హెడర్లు డిక్షనరీ కాదురా బాబూ

ఈరోజంతా ఒకటే గొడవ, మెయిల్ లోంచి ఒక హెడర్ (సబ్జెక్ట్, డేట్ లాంటి, పేరూ వాల్యూ ఉన్న లైన్) అడిగితే, మెయిళ్ళు చదవడానికీ రాయడానికీ మేం రాస్తున్న కోడ్ లైబ్రరీ ఏం ఇవ్వాలి అని. టీమ్ లో కొత్తగా చేరిన అబ్బాయికైతే అసలు డౌటే లేదు, "పేరు ఇస్తే వాల్యూ వస్తది, డిక్షనరీ పెట్టేస్తే అయిపోతది కదన్నా" అన్నాడు. కోడ్ లో డిక్షనరీ అంటే ఒక్కో పేరుకి ఒక్కటే వాల్యూ దాచే పట్టిక. సరే, నీ ఇన్‌బాక్స్ లోంచే ఏదో ఒక మెయిల్ తీసి సోర్స్ చూడరా అన్నా. రిసీవ్డ్ అనే హెడర్ వరసపెట్టి ఉంది, దారిలో తగిలిన ప్రతి సర్వరూ తనదొకటి పైన చేర్చుకుంటూ పోతుంది కాబట్టి అన్నిటికన్నా పైనున్నదే కొత్తది. డిక్షనరీలో పడేస్తే అందులో ఒక్కటే మిగులుతుంది, మిగతా దారంతా గల్లంతు.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాళ్ళు ఇదంతా మనకన్నా ముందే పడ్డారు. అందులో మెయిల్ కోసం ఉన్న పాత మెసేజ్ క్లాస్ చూడ్డానికి డిక్షనరీ లాగే ఉంటుంది కానీ సబ్జెక్ట్ కి రెండోసారి వాల్యూ ఇస్తే మొదటిది పోదు, కింద ఇంకోటి చేరుతుంది, ఇక చూసేవాడి ఖర్మ. తర్వాత 2012లో పైథాన్ 3.3 తో, మెయిల్ ని ఏ రూల్స్ తో చదవాలో రాయాలో చెప్పే పాలసీ అనే పద్ధతి తెచ్చారు, 3.6 కి వచ్చేసరికి కొత్త ఈమెయిల్‌మెసేజ్ క్లాస్ స్థిరపడింది, అందులో రెండో సబ్జెక్ట్ పెట్టబోతే ఎర్రర్ వేస్తుంది. నాకు బాగా నచ్చింది ఏంటంటే అడిగితే వచ్చేది మామూలు స్ట్రింగే, ప్రింట్ చేసుకుని వెళ్ళిపోయేవాడికి ఏ ఇబ్బందీ లేదు, కానీ టూ హెడర్ (To, ఎవరికి పంపారో చెప్పేది) అయితే ఆ స్ట్రింగ్ కే అడ్రస్‌ల లిస్టు, డేట్ అయితే టైమ్ ఆబ్జెక్ట్ తగిలించి ఉంటాయి. లేకపోతే ప్రతివాడూ టూ హెడర్ ని కామా దగ్గర కోస్తాడు, ఆఫీసుల్లో ఇంటిపేరు, కామా, పేరు అని కోట్స్ లో పెట్టుకునే వాళ్ళుంటారు, ఒక మనిషి ఇద్దరైపోతాడు.

లంచ్ తర్వాత తెలుగు సబ్జెక్ట్ లైన్ల పని పట్టుకున్నాం. హెడర్లలో ఇంగ్లీషు కాని అక్షరాలు ఎలా పంపాలో చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 2047 అనే ప్రమాణం ప్రకారం, ఎన్‌కోడ్ చేసిన (మామూలు ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చిన) ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు, ముందూ వెనకా గుర్తులకి 12 పోతే బేస్64 కి (3 బైట్లని 4 అక్షరాలుగా రాసే పద్ధతి) 60 వాడుకోవచ్చు, అంటే 45 బైట్లు, యూటీఎఫ్-8 లో మన కోడ్ పాయింట్ (కంప్యూటర్ లెక్కలో హల్లు, పొల్లు, గుణింతం గుర్తు ఒక్కోటీ విడిగా ఒకటి) ఒక్కోటి 3 బైట్లు కాబట్టి ముక్కకి 15 పడతాయి అంతే. "క్ష" లాంటిది సరిగ్గా సరిహద్దులో పడితే పొల్లు ఇటు, ష అటు. రూల్ ప్రకారం పక్కపక్క ముక్కల మధ్య ఖాళీని పట్టించుకోకుండా కలిపేయాలి, కానీ ముక్కకో స్పేస్ పెట్టి చూపించే సాఫ్ట్‌వేర్లున్నాయి, అక్కడ మన ఒత్తు ఊడి పక్కన పడుతుంది. అందుకే మా లైబ్రరీ గుణింతం, ఒత్తుతో సహా పూర్తి అక్షరం అయ్యాకే తెంపాలి అని పట్టుబట్టా, కొంచెం జాగా వేస్ట్ అయినా సరే.

ఇంత చేశాక కూడా ముడి బైట్లు ఎక్కడికీ పోకూడదు. మెయిల్ దారిలో మారలేదని రుజువుకి పంపే సర్వర్ పెట్టే డీకిమ్ (DKIM) సంతకాల్లో సింపుల్ పద్ధతి వాడితే హెడర్లో ఒక్క స్పేస్ మారినా సంతకం చెల్లదు, మనం చదివి, అందంగా లైన్లు సర్ది మళ్ళీ రాస్తే అవతలి సర్వర్ దాన్ని నకిలీ అనుకుంటుంది. కాబట్టి ముట్టుకోని హెడర్ వచ్చినట్టే బయటికి పోవాలి, వాల్యూ మార్చినప్పుడే కొత్తగా రాయాలి. ఎక్స్-హెడర్లు (X- తో మొదలయ్యే, ఎవరికి వాళ్ళు పెట్టుకునే సొంత హెడర్లు) వాడేవాళ్ళు, ఈ పేరొస్తే నా క్లాస్ తో చదువు అని చెప్పుకునే వీలు పెట్టాం, చెప్పకపోతే ఉత్త స్ట్రింగ్.

సాయంత్రం మాత్రం వాదన తెగలేదు. వాల్యూలో ఎవరైనా కొత్త లైన్ దూరిస్తే ఏం చేయాలి? మావాడు తీసేసి ముందుకెళ్దాం అంటాడు, నేనేమో ఎర్రర్ వేయాల్సిందే అంటా, వెబ్ ఫామ్ లోంచి సబ్జెక్ట్ లో లైన్ బ్రేక్ పెట్టి, ఆ కొత్త లైన్లో బీసీసీ హెడర్ ఎక్కించి గుట్టుగా వేరేవాళ్ళకీ మెయిల్ పోయేలా చేసే ట్రిక్ ఎంత పాతదో వాడికి ఇంకా తెలీదు. "మరి యూజర్లు తిడతరు కదన్నా" అన్నాడు, తిట్టనీ. రేపు దానికి టెస్ట్ కేసులు వాడితోనే రాయిస్తా.