పానగల్ కిటికీ దగ్గర హార్మోనియం తాత

పాస్‌పోర్ట్ ఫోటోకు నీడ పనికిరాదు. ముఖమంతా ఒకే వెలుతురు ఉండాలి, వెనక తెల్ల గుడ్డ ఉండాలి. నల్గొండ పక్కనున్న పానగల్‌లో ఉండే హార్మోనియం తాతకు ఏదో దరఖాస్తు కోసం అలాంటిది కావాలని వాళ్ల కొడుకు పిలిచాడు. ఆ పని ఇట్టే అయిపోయింది. నేను ఆగింది మాత్రం మూలన గుడ్డ కప్పి ఉన్న హార్మోనియం పెట్టె కోసం.

"తాతా, జర వాయిస్తవా?" అన్నాను.

"వాయిస్త గనీ, గా కిటికీ కాడ కూసుంట. ఈడ గాలి రాదు."

నేను అడగబోయేది ఆయనే అడిగేశాడు.

ముందు ట్యూబ్‌లైట్ ఆపించాను. అవ్వకు అది నచ్చలేదు. "చీకట్ల ఫోటో దిగుడేంది బిడ్డా?" అంది. పెళ్లిళ్లలో కళ్లు చెదిరే లైట్లు పెట్టి అలవాటు చేసింది మేమే కదా, ఆమెనేం అంటాం! కానీ ట్యూబ్‌లైట్ రంగు వేరు, పగటి వెలుతురు రంగు వేరు. రెండూ కలిస్తే ముఖం చెరోపక్క చెరో రంగులో వస్తుంది. పైగా ఆ ఇంటి గోడలకు ఆకుపచ్చ ఆయిల్ పెయింట్. గోడకు ఆనుకుని కూర్చుంటే ఆ పచ్చదనమంతా చెంప మీదికి ఎక్కుతుంది. అందుకే చాపను గది నడుమకు లాగాను.

కిటికీ ఉత్తరం వైపు ఉంది. ఎండ నేరుగా పడదు. ఆకాశం నుంచీ ఎదురింటి సున్నం గోడ నుంచీ చెదిరిన వెలుతురే లోపలికి వస్తుంది. ఇలాంటి వెలుతురు సంగతి పానగల్ వాళ్లకు ఒకరు చెప్పాలా? ఛాయా సోమేశ్వరాలయం ఊళ్లోనే ఉంది. గర్భగుడిలో స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఉండేది ఇందుకే. అక్కడికి చేరేది నేరుగా పడే ఎండ కాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురు. సూర్యుడు జరిగినా నీడ జరగదు. ఫ్లాష్ కొనే డబ్బుల్లేని రోజుల్లో నేను దోస్తులను ఆ మంటపంలోనే కూర్చోబెట్టి ఫోటోలు తీసేవాణ్ణి.

ఇక మనిషి ఎటు తిరగాలన్నది మామూలుగా ముఖం చూసి తేలుస్తాం. వాయించే మనిషైతే వాద్యం చూసి తేల్చాలని నా లెక్క. తాత కుడిచేత్తో మెట్లు నొక్కుతాడు, ఎడమచేత్తో గాలి తిత్తి ఆడిస్తాడు. కిటికీ ఎడమపక్కకు వస్తే వెలుతురంతా తిత్తి చేతికి పోయి, పాట పలికించే చెయ్యి మసకలో ఉండిపోతుంది. అందుకే కిటికీ కుడిపక్కకు వచ్చేలా కూర్చోబెట్టాను. వేళ్ల కణుపులు, ఉబ్బిన నరాలు, అరిగిన గోళ్లు అన్నీ తేలాయి. తెల్ల మెట్ల మీద పడిన వెలుతురు వేళ్ల కిందికి కూడా కొంచెం వచ్చింది.

షట్టర్ సెకనులో 60వ వంతు సేపు తెరుచుకునేలా పెట్టాను. లెన్స్ రంధ్రం ఎఫ్ 2.8, వెలుతురుకు కెమెరా సున్నితత్వం ఐఎస్‌వో 400. మెట్ల మీద వేళ్లు నిలుస్తాయి, తిత్తి చెయ్యి కాస్త చెదురుతుంది. నాకు కావలసింది అదే. తిత్తి ఆడకపోతే పెట్టె పలకదు. ఆ చెయ్యి కూడా నిలిచిపోతే పెట్టె ముందేసుకుని ఊరికే కూర్చున్నట్టుంటుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకు ఎంత వెలుతురు అందాలన్నది మాత్రం తెల్ల పంచె చూసి పెట్టుకున్నాను. ముఖం చూసి పెడితే మడతలన్నీ పోయి పంచె కాగితంలా అవుతుంది. ఎడమ చెంప మరీ చీకటిగా ఉందని, దండెం మీద ఆరేసిన ఇంకో పంచె తెచ్చి ఆ పక్క తలుపు రెక్క మీద వేశాం. చాలు, అంతకుమించి సామాను అక్కర్లేదు.

తాత వాయిస్తూనే చెరువుగట్టు జాతర ముచ్చట ఎత్తుకున్నాడు. "తెల్లారేదాక భజన. మైకులు యాడియి? ఆరున్నర శ్రుతిల, అంత పైగొంతుల పాడెటోళ్లు. గొంతు వోతే మేమే పెట్టెతోని నడిపిచ్చెటోళ్లం" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు గడ్డం ఎత్తాడు. మెడ మీద వెలుతురు పడింది. అప్పుడే ఫోటో తీశాను.

తర్వాత అందరికీ చూపించాను. "కడమ సగం మొఖమేది?" అని అవ్వ అడిగింది. తాత ముఖం జోలికే పోలేదు. వేళ్లు పెద్దగా చేసి చూపించమన్నాడు, కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇది తీసెయ్ బిడ్డా. వేలు గాంధారం మీద వడ్డది. మధ్యమం మీద ఉండాలె. తెలిసినోళ్లు సూస్తే నవ్వుతరు."

అది గడ్డం ఎత్తిన ఫోటో. అన్నిట్లోకీ నాకు నచ్చింది అదే. ఆయన ముందే డిలీట్ చేశాను.