మసాలా విడిగా ఉందా, కలిపేశారా?

ఆదివారం, మారతహళ్ళి

నెల సరుకులు వచ్చాయి. ఇంట్లో 'లో ఫాడ్‌మ్యాప్' తిండి (పేగుల్లో పులిసి ఉబ్బరం తెచ్చే కొన్ని రకాల చక్కెరలు తక్కువుండే తిండి; ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలల్లో అవి ఎక్కువ) నడుస్తున్నన్నాళ్ళూ ఏ ప్యాకెట్టయినా అల్మారాలోకి వెళ్ళేముందు వెనక్కి తిప్పి చదవాల్సిందే. ముందువైపు రాతలతో పనిలేదు. 'గ్లూటెన్ ఫ్రీ' పిండిలో సోయా, శనగపిండి. 'హై ఫైబర్' బిస్కెట్లలో ఇనులిన్, అంటే చికోరీ వేరులోంచి తీసే ఫ్రక్టానే, ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఉండే ఆ పులిసే రకమే. 'షుగర్ ఫ్రీ' చాక్లెట్‌లో 965, అది మాల్టిటాల్ అనే తీపి పదార్థానికి ప్యాకెట్ల మీద వేసే కోడు. 420, 421, 953, 967 కూడా ఆ జాతివే. రుచి పెంచే 627, 631, లెసిథిన్ అనే 322 చూసి మాత్రం కంగారు పడక్కర్లేదు, అవి పేగుల్లో పులిసే చక్కెరలు కావు.

అలర్జీ వరసలో గోధుమ, పాలు, సోయా కనబడతాయి గానీ ఉల్లి, వెల్లుల్లి ఉండవు. వాటికోసం పదార్థాల జాబితా మొత్తం చదవాలి. బరువు ఎక్కువున్నది ముందు రాస్తారు కాబట్టి చివర్న ఉన్న ఉల్లిపొడి కాస్తేలే అనిపిస్తుంది. కానీ ఎండిన పొడిలో నీళ్ళు పోయి ఫ్రక్టాన్లు చిక్కబడి ఉంటాయి, కొంచెమే చాలు. ఏమేం వేశారో చెప్పకుండా 'మసాలా దినుసులు' అని సరిపెట్టేసిన ప్యాకెట్టు కొట్లోనే వదిలేయడం మేలు.

రైస్ నూడుల్స్‌లో మసాలా పొట్లం విడిగా వచ్చింది, బతికిపోయాం. దాన్ని అవతల పెట్టి నూనెలో ఇంగువ, అల్లం, మిరియాలు, ఉల్లికాడల్లో పచ్చటి భాగం మాత్రం వేసుకుంటే సరి. కొట్లో దొరికే కలిపిన ఇంగువలో మైదా ఉంటుంది నిజమే, చిటికెడుకి లెక్కలేదు. ఇన్‌స్టంట్ ఉప్మా మిక్సుకి దారి లేదు: గోధుమ రవ్వ, అందులోనే కలిసిపోయిన ఎండు ఉల్లి.

రెడీ టు ఈట్ సాంబారుతో ఇంకో చిక్కు. ఉల్లి ముక్కలు ఏరేస్తే చాలనుకుంటారు చాలామంది. ఫ్రక్టాన్లు నీళ్ళలో కరుగుతాయి, ముక్క తీసినా పులుసులో మిగిలే ఉంటాయి. పైగా కందిపప్పులోనూ పులిసే చక్కెరలు ఉంటాయి. నూనెలో మాత్రం ఫ్రక్టాన్లు కరగవు గనక వెల్లుల్లి వేయించి రెబ్బలు తీసేసిన నూనె వాడుకోవచ్చు. జైన్ ప్యాకెట్లలో ఉల్లి, వెల్లుల్లి బెడద లేదు గానీ జీడిపప్పు, శనగపిండి చూసుకోవాలి.

ఈ కట్టుబాటు 2 నుంచి 6 వారాలే. తర్వాత ఒక్కో రకమే తిరిగి తిని చూడాలి. జీవితాంతం ఉప్మా మానేయమని ఎవరూ అనలేదు.

అసలు తంటా కాఫీతో. పొడి ప్యాకెట్టు మీద చికోరీ శాతం రాసుంటుంది, చట్టం ప్రకారం 49 దాకా ఉండొచ్చు. మరపట్టి ఇచ్చే కొట్లోనైతే చికోరీ అసలు కలపొద్దని ముందే చెప్పాలి. అప్పుడు డికాక్షన్ పల్చగా, త్వరగా దిగిపోతుంది. పొడి ఒక చెంచా ఎక్కువేసి గట్టిగా నొక్కి, నీళ్ళు కాస్త తగ్గించాలి. పాలూ చూసుకోవాలి: మామూలు పాలు 100 మి.లీ.లో సుమారు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, ఈ తిండి పద్ధతిని రూపొందించిన ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళు పూటకి పెట్టిన హద్దేమో 1 గ్రామే. లాక్టోజ్ ఫ్రీ పాలల్లో లాక్టోజ్‌ని చిన్న చక్కెరలుగా విడగొడతారు, అందుకే కాస్త తియ్యగా ఉంటాయి, పంచదార అర చెంచా తగ్గించి కలపాలి.