2³¹ − 1: నంబర్ థియరీకి నేను ఎంచుకున్న ఒకే ఒక్క సంఖ్య

పరిశోధన ఫెలోషిప్‌కు, లెక్చరర్ అర్హతకు రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో గణితానికి సిద్ధమవుతున్న మిత్రులకు, నంబర్ థియరీలో (పూర్ణసంఖ్యల ధర్మాలను చదివే శాఖలో) నన్ను గట్టెక్కించిన పద్ధతి ఒకటి చెప్పదలచుకున్నాను. మొదటిసారి నేను సిద్ధాంతాలన్నీ నోట్సులోకి ఎక్కించుకుని కంఠస్థం చేశాను. ఒక మాక్ టెస్టులో, ఒకటి కంటే ఎక్కువ ఆప్షన్లు సరైనవి కాగల పార్ట్-సిలో, "పి ప్రధాన సంఖ్య అయితే 2 యొక్క పి-వ ఘాతం నుంచి 1 తీసేసినా ప్రధాన సంఖ్యే" అన్న ఆప్షన్‌కు టిక్ పెట్టి 4.75 మార్కులూ పోగొట్టుకున్నాను. 3, 7, 31, 127 వరకు చూసి నమ్మేశానే గాని, ఆ తర్వాత వచ్చే 2047 అంటే 23 × 89 అని చూసుకోలేదు. పార్ట్-సిలో మైనస్ మార్కులు లేవన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఒక్క తప్పు టిక్ పడితే ప్రశ్న మొత్తం పోయినట్టే.

ఆ తర్వాత ఏ సిద్ధాంతం చదివినా దాన్ని 2³¹ − 1, అంటే 2,14,74,83,647 మీద ప్రయోగించి చూడడం అలవాటు చేసుకున్నాను. ఇది ప్రధాన సంఖ్య అని 1772 నాటికే ఆయిలర్ చేతి లెక్కతో తేల్చాడు. దీని వర్గమూలం 46,340 దాటుతుంది. అంతలోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించడం మన వల్ల కాదు. కానీ క్యూ అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తే, క్యూ పరంగా 2 యొక్క ఆర్డర్ (2 యొక్క ఎన్నో ఘాతాన్ని క్యూతో భాగిస్తే మొదటిసారి శేషం 1 వస్తుందో ఆ సంఖ్య) 31 అవుతుంది. 2 యొక్క (క్యూ − 1)-వ ఘాతానికి కూడా శేషం 1 అని ఫెర్మా సిద్ధాంతం చెబుతుంది, కాబట్టి 31 అనేది (క్యూ − 1)ను భాగించాలి. క్యూ బేసి సంఖ్య కనుక 62 కూడా భాగించాలి. పైగా 2³²ను క్యూతో భాగిస్తే శేషం 2 వస్తుంది, అంటే 2 వర్గ అవశేషం (ఒక వర్గాన్ని భాగిస్తే మిగిలే శేషం), కాబట్టి క్యూను 8తో భాగిస్తే 1 గాని 7 గాని మిగలాలి. రెండూ కలిపితే, క్యూను 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 మాత్రమే. వేల సంఖ్యలు మూడు వందల డెబ్బై పైచిలుకుకు తగ్గిపోయాయి, వాటిలోనూ ప్రధానం కానివే ఎక్కువ: మొదటి అభ్యర్థి 311 (శేషం 35 వస్తుంది), ఆ తర్వాతిది ఏకంగా 1303. ఇదే జల్లెడను 2047కు పడితే మొట్టమొదటి అభ్యర్థి 23 దగ్గరే పట్టుబడుతుంది, నా 4.75 మార్కులకు పట్టాల్సిన సమయం అంతే.

ప్రిమిటివ్ రూట్లు (తమ ఘాతాలతో 0 తప్ప మిగతా శేషాలన్నిటినీ ఇచ్చే సంఖ్యలు) కూడా నాకు ఇక్కడే అర్థమయ్యాయి. ఈ సంఖ్య పరంగా 2 యొక్క ఆర్డర్ 31 మాత్రమే కనుక 2 ప్రిమిటివ్ రూట్ కాదు. సంఖ్య నుంచి 1 తీసేస్తే 2 × (2¹⁵ − 1) × (2¹⁵ + 1), అంటే 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331. దీని ఫై విలువ (దీనికంటే చిన్నవై, దీనితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యల లెక్క) 53,46,00,000, ప్రిమిటివ్ రూట్ల సంఖ్య కూడా అదే. ఈ సంఖ్య పరంగా 2కు వర్గమూలం కావాలంటే వెతకనక్కర్లేదు, 65,536 వర్గమే 2³², దానికి శేషం 2. −1కు మాత్రం వర్గమూలం లేదు, ఎందుకంటే ఈ ప్రధాన సంఖ్యను 4తో భాగిస్తే శేషం 3.

మీరు 2²⁹ − 1తో మొదలుపెట్టండి. ఈసారి క్యూను 232తో భాగిస్తే శేషం 1 లేదా 175 రావాలి. 175 ప్రధానం కాదు, తర్వాతిది 233. ఇక 233తో భాగిస్తే 2⁸కు శేషం 23, 2¹⁶కు 63, 2²⁴కు 51. 51ని 32తో గుణిస్తే 1632, అందులో 233 × 7 తీసేస్తే 1 మిగులుతుంది. అంటే 2²⁹కు శేషం 1, కాబట్టి 233 దీన్ని భాగిస్తుంది, 2²⁹ − 1 ప్రధానం కాదు.