ఫ్లోరెన్స్‌లో కట్నం లెక్కలు

ఫ్లోరెన్స్‌లో కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుని తాగితే ఇంకో రేటు. భోజనానికి వెళ్తే ‘కోపెర్తో’ అని, బల్ల దగ్గర కూర్చున్నందుకే మనిషికింత వేస్తారు. రోమ్ టెర్మినిలో ఎక్కితే గంటన్నరలో దింపేసిన రైలు మీద కలిగిన సంతోషమంతా ఉఫీజీ మ్యూజియం ముందు క్యూ చూడగానే పోయింది. టికెట్ 25 యూరోలు, నెత్తిన ఎండ. పిన్ని అక్కడే గట్టు మీద కూలబడింది. "ఆ బొమ్మలన్నీ క్యాలెండర్లలో చూసినవేగా. కాస్త నీడ ఉన్నచోటికి తీసుకెళ్లవే" అంది.

పెద్ద చర్చి వెనకనుంచి నడుచుకుంటూ సాంటిసిమా అనున్సియాటా చౌక్‌కి తీసుకెళ్లాను. ఒకవైపంతా పొడవాటి వరండా. కమానుల మధ్య నీలం రంగు గుండ్రటి పలకలు, ఒక్కోదాంట్లో పొత్తిగుడ్డలు చుట్టిన పసిబిడ్డ. పట్టు వర్తకుల సంఘం డబ్బుతో, బ్రూనెలెస్కీ ప్లానుతో 1419లో మొదలుపెట్టి కట్టిన అనాథ శిశువుల ఆశ్రమం అది. పేరు ‘ఇన్నొచెంతి’. పునరుజ్జీవన కాలపు భవన నిర్మాణానికి ఇదే శ్రీకారమని చదువుకున్నాం. చివర్లో ఇనుప చువ్వల కిటికీ ఒకటుంది. రాత్రిపూట వచ్చి బిడ్డను అందులోంచి లోపలికి వదిలేసి వెళ్లిపోయేవాళ్లట. 1875లో గానీ దాన్ని మూసెయ్యలేదు. చువ్వల మధ్య సందు ఎంతుందో పిన్ని అరచెయ్యి పెట్టి చూసింది. నెలల బిడ్డ కూడా పట్టదు, పురిటికందు మాత్రమే పడుతుంది.

ఆశ్రమానికి వచ్చిన మొదటి బిడ్డ ఆడపిల్ల. 1445 ఫిబ్రవరి 5న వదిలేశారు. ఆ రోజు సెయింట్ ఆగత పండుగని ఆగత స్మెరాల్డా అని పేరు పెట్టారు. తర్వాత వచ్చినవాళ్లలోనూ ఆడపిల్లలే ఎక్కువ. చాలామంది తల్లులు పెద్దింటి పనిమనుషులు, కొనుక్కొచ్చిన బానిసలు. తండ్రి ఆ ఇంటి యజమానే అయ్యేవాడు. లోపల మ్యూజియంలో గోడ పొడవునా చిన్నచిన్న సొరుగులున్నాయి. ఒకటి లాగితే సగానికి విరిచిన పతకం ఉంది. మిగతా సగం తల్లి దగ్గర ఉంచుకునేది, ఎప్పుడైనా బిడ్డను వెతుక్కుంటూ వస్తే ఆనవాలుగా. ఇవి తర్వాతి శతాబ్దాలవి. పిన్ని ఆ ఒక్క సొరుగే తెరిచింది, రెండోదాని జోలికి వెళ్లలేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక నేను చదివింది చెప్పాను. ఈ ఊళ్లో 1425లో ప్రభుత్వమే ‘కట్నాల నిధి’ పెట్టింది. మోంతె దెల్లె దోతి అంటారు. మిలాన్‌తో యుద్ధం చేసి ఖజానా ఖాళీ అయింది, అటు ఆడపిల్లల తండ్రులకు కట్నం భయం. రెండూ ముడిపెట్టారు. కూతురి పేర డబ్బు వేస్తే ఏడున్నరేళ్లకో పదిహేనేళ్లకో పెరిగి వస్తుంది. పెళ్లయి కాపురం మొదలయ్యాకే ఇస్తారు, అదీ అల్లుడి చేతికి.

"మా మనవరాలికి పోస్టాఫీసులో కడుతున్న సుకన్య డబ్బులూ పదిహేనేళ్లేగా" అంది పిన్ని వెంటనే. ఆ డబ్బు పిల్ల చేతికే వస్తుంది, చదువుకూ వాడుకోవచ్చు అన్నాను. "వస్తుందిలే. తర్వాత ఎవరి చేతికి పోతుందో నీకు తెలీదా" అంది. నేనేం మాట్లాడలేదు. పిన్ని పెళ్లికి తాతయ్య రెండెకరాల మాగాణి అమ్మాడు. కట్నం తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చినా, ఆ పొలం సంగతి మా ఇంట్లో ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు.

ఆ కాలంలో ఇదే ఊళ్లో బతికిన అలెస్సాండ్రా స్ట్రోట్సి అనే ఆవిడ సంగతీ చెప్పాను. భర్తను ఊరినుంచి వెళ్లగొడితే ప్రవాసంలోనే పోయాడు. పిల్లల బరువంతా ఆవిడదే. 1447లో నేపుల్స్‌లో ఉన్న కొడుక్కి ఉత్తరం రాసింది: పదహారేళ్ల చెల్లెలికి సంబంధం కుదిరింది, కట్నం 1000 ఫ్లోరిన్లు, అందులో 500 నిధినుంచి వస్తాయి, ఇంకా గొప్పింటికి పోవాలంటే 1400, 1500 కావాలి అని. ఇదంతా విని పిన్ని, "మా అమ్మ ఇలాగే లెక్కేసేది. ఇంజినీరు కావాలంటే ఇంకో ఎకరం అనేది" అంది.

సాయంత్రం రైలుకి ఇంకా టైముంది. స్టేషన్ ఎదురుగా ఉన్నదే సాంటా మరియా నొవెల్లా చర్చి. పక్కన మ్యూజియంలో ప్లావుతిల్లా నెల్లి వేసిన ‘చివరి విందు’ ఉంది. దాదాపు ఏడు మీటర్ల బొమ్మ. ఆమె 1524లో పుట్టింది, పద్నాలుగేళ్లకు సన్యాసినుల మఠంలో చేర్చారు. ఆ రోజుల్లో మఠానికి ఇచ్చే కట్నం పెళ్లి కట్నంలో చిన్న వంతే, అందుకే కలిగిన కుటుంబాలు కూడా ఆడపిల్లలను అక్కడికి పంపేవి. తనకు తానే నేర్చుకుని, తోటి సన్యాసినులకు నేర్పి, నిలువెత్తు మనుషులను వేసింది. బల్ల మీద ఇస్త్రీ మడతలు కనిపించే తెల్లటి గుడ్డ, మాంసం, రొట్టెలు, ఆకుకూర, పెద్ద చిక్కుడు గింజలు. సంతకం పక్కన, ఈ చిత్రకారిణి కోసం ప్రార్థించండని రాసుకుంది. పాడైపోయిన బొమ్మను బాగుచేసి 2019లో గానీ జనానికి చూపించలేదు.

అంతకుముందే చర్చి లోపల గిర్లాండాయో అనే చిత్రకారుడు వేసిన కుడ్యచిత్రంలో జొవాన్నా అనే అమ్మాయిని చూశాం. జరీ గౌనులో, పక్కకు తిరిగి నిటారుగా నిలబడి ఉంటుంది. 1486లో టోర్నబువోని వాళ్లింటికి కోడలై వచ్చి, 1488లో పురిట్లో పోయింది. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

"చూశావా, పెళ్లిచేసిన పిల్ల ఇరవై నిండకుండానే పోయింది. మఠంలో వేసిన పిల్ల అరవై నాలుగేళ్లు బతికి ఇంత పని చేసింది. మఠమే నయం" అంది పిన్ని. నాకు ఒళ్లు మండింది. ఇద్దరినీ ఎవరూ అడగలేదు కదా పిన్నీ అన్నాను. మగవాళ్లలా నెల్లికీ మనుషులను ఎదురుగా నిలబెట్టుకుని నేర్చుకునే వీలుంటే అద్భుతాలు చేసేదని, చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి ఆ కాలంలోనే రాశాడు. మఠం ఇచ్చింది సరే, ఆపింది ఎవరు లెక్కేస్తారు? పిన్ని ఒప్పుకోలేదు. కుంచె పట్టుకోనిచ్చారు, అది మాత్రం తక్కువా అంటుంది. రైలెక్కి సీట్లు వెతుక్కునేటప్పుడు కూడా అదే మాట.