సంకల్పం: ‘కరిష్యే’ అనే ముందు

పూజ పుస్తకంలో చాలామంది గబగబా దాటేసే భాగం సంకల్పం, అంటే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు పూజ చేస్తున్నారో మొదట్లో చెప్పుకునే మాట. వినాయక చవితికో వరలక్ష్మీ వ్రతానికో పురోహితులు దాన్ని ఒక్క గుక్కలో చదివేస్తారు. గోత్రం అడిగినప్పుడు మాత్రం ఇంటివాళ్ళు ఈ లోకంలోకి వస్తారు. నిజానికి ఆ రోజు జరిగే పూజ మొత్తంలో యజమాని సొంత మాట అదొక్కటే. శ్రీసూక్తం ఎవరు చదివినా శ్రీసూక్తమే. సంకల్పంలో మాత్రం మన ఊరు, మన ఇల్లు, ఈ రోజు, మన పేరు, మన కోరిక ఉంటాయి. దాన్ని అర్థం తెలియకుండా అప్పజెప్పడం వల్ల పోయేది పుణ్యం ఒక్కటే అనుకోను. ఏ పనైనా మొదలుపెట్టే పద్ధతిని రోజూ నేర్పే పాఠం కూడా పోతుంది.

ముందు చేతులతో చేసే పని చూద్దాం. సంకల్పానికి ముందు ఆచమనం, భూతోచ్చాటన (అడ్డుపడే భూతాలను తొలగిపొమ్మనడం), ప్రాణాయామం ఉంటాయి. ఆచమనానికి కుడి అరచేతిని ఆవు చెవిలా కొద్దిగా గుంట చేసి, మినపగింజ మునిగేంత నీళ్ళు మాత్రమే పోసుకోవాలి. ఉద్ధరిణె నిండా పోసుకుంటే మోచేతి దాకా కారిపోవడమే తప్ప ప్రయోజనం లేదు. కేశవ, నారాయణ, మాధవ నామాలకు మూడుసార్లు, బొటనవేలి మొదలు వైపు నుంచి చప్పుడు కాకుండా తీసుకోవాలి. ప్రాణాయామం తొందరలో ముక్కు తాకి వదిలేసేది కాదు. ఊపిరి కుదురుకోకుండా సంకల్పం మొదలుపెడితే సగంలో ఆయాసం వచ్చి తిథి దగ్గరో నక్షత్రం దగ్గరో తడబడతాం.

అక్షతలు అప్పటికప్పుడు కలుపుకుంటే మంచిది. విరగని బియ్యం గుప్పెడు, పావు చెంచా పసుపు, నాలుగైదు చుక్కల ఆవునెయ్యి. నెయ్యి లేకపోతే పసుపు గింజకు పట్టదు, పళ్ళెంలో పొడిగా రాలిపోతుంది. నీళ్ళతో కలిపితే ఉండకట్టి, నిలవ ఉంటే వాసన వస్తుంది. ఎడమ అరచేతిని వెల్లకిలా కుడి మోకాలి మీద పెట్టి, అక్షతలు తీసుకున్న కుడిచేతిని దాని మీద మూసి సంకల్పం చెప్పాలి. ‘కరిష్యే’ (చేస్తాను) అన్నాక నీళ్ళు తాకి, అక్షతలు పళ్ళెంలో వదలాలి. ఈలోగా ఫోను మోగిందని చెయ్యి తీస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవడమే మేలు.

ఇక మాటలు. ‘అద్య బ్రహ్మణః ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే’ అంటూ మొదలవుతుంది. బ్రహ్మ ఆయుష్షులో మొదటి యాభై ఏళ్ళు గడిచి రెండో సగం నడుస్తోందని ద్వితీయ పరార్ధం చెబుతుంది. ఆయనకు ఒక పగలు, అంటే ఒక కల్పం, మన లెక్కలో 432 కోట్ల ఏళ్ళు. అందులో పద్నాలుగురు మనువులు. ఇప్పుడున్న వైవస్వతుడు ఏడోవాడు. ఆయన కాలంలో ఇది 28వ మహాయుగం. అందులో 4,32,000 ఏళ్ళ కలియుగంలో గడిచినవి 5,100 పైచిలుకు మాత్రమే, అంటే 1,08,000 ఏళ్ళ మొదటి పాదంలోనే ఇంకా ఉన్నాం. ఇంత పెద్ద కాలంలో నుంచి ఒక్కొక్క మెట్టే దిగుతూ ఈ సంవత్సరానికి, ఈ మాసానికి, ఈ తిథికి, ఈ వారానికి చేరుకుంటాం. ఆఫీసులో మాట పడి వచ్చి కూర్చున్నవారికి, అప్పు గురించి రాత్రంతా నిద్రపట్టనివారికి ఈ దిగుడు చేసే మేలు చిన్నది కాదు. కష్టం అబద్ధమని ఎవరూ అనరు. కానీ దాని కొలత తెలుస్తుంది.

దేశం, అంటే మనం ఉన్న చోటు, చెప్పేటప్పుడు జరిగే తప్పు అందరికీ తెలిసిందే, అయినా సరిదిద్దుకునేవాళ్ళు తక్కువ. పుస్తకాల్లో చాలావరకు ‘శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణాగోదావర్యోః మధ్యదేశే’ అని అచ్చు వేస్తారు. ఖమ్మంలో ఉన్నవాళ్ళకు అది అక్షరాలా సరిపోతుంది. హైదరాబాద్ శ్రీశైలానికి దాదాపు ఉత్తరం, కాస్త వాయవ్యానికి మొగ్గు. కర్నూలు పడమర. తిరుపతి దాదాపు దక్షిణం. గుంటూరు కృష్ణకు దక్షిణాన ఉంది కనుక అక్కడ ‘కృష్ణాకావేర్యోః’ అనాలి; శ్రీకాకుళంలో ‘గంగాగోదావర్యోః’. ఇల్లు సొంతమైతే ‘స్వగృహే’, అద్దెదైతే ‘వసతి గృహే’. దేవుడి ముందు కూర్చుని మొట్టమొదటి వాక్యంలోనే అద్దె ఇంటిని సొంతిల్లని చెప్పకూడదన్న ఈ పట్టింపు నాకెంతో గొప్పగా తోస్తుంది. ఉన్న చోటు ఉన్నట్టు ఒప్పుకున్నాకే మిగతా మాట.

అమెరికాలోని చాలా ఆలయాల్లో అర్చకులు, మనం ఇక్కడ సంకల్పంలో చెప్పే జంబూద్వీపం బదులు ‘క్రౌంచ ద్వీపే, రమణక వర్షే’ అంటారు. అక్కడివాళ్ళు మీ ఊరి అర్చకుడు చెప్పే పాఠమే పట్టుకోండి. ద్వీపం పేరు కన్నా తిథి విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. హైదరాబాద్ పంచాంగం ఫోనులో చూసి డల్లాస్‌లో వ్రతం చేస్తే తిథి తప్పే అవకాశం ఉంది. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒకటే అయినా, గడియారంలో ఆ వేళ వేరు, సూర్యోదయం వేరు. అందుకే కొన్ని పండుగలు అక్కడ ఒక తేదీ ముందే వస్తాయి. మీ నగరానికి గణించిన పంచాంగం వాడాలి.

కాలం విషయంలో మన దగ్గర జరిగే పొరపాట్లూ తక్కువేమీ కావు. పాత పుస్తకంలో ఎప్పటిదో సంవత్సరం పేరు అచ్చయి ఉంటే అదే చదివేస్తుంటారు. 2025 ఉగాది నుంచి విశ్వావసు, 2026 మార్చి 19 ఉగాది నుంచి పరాభవ. మాసం దగ్గర ఇంకో చిక్కు. మనకు మాసం అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదిన పౌర్ణమితో. శుక్లపక్షంలో తేడా కనబడదు, బహుళపక్షం రాగానే మాసం పేరు మారిపోతుంది. శివరాత్రి మనకు మాఘ బహుళ చతుర్దశి. ఉత్తరాది పద్ధతిలో నడిచే యాప్‌లో అది ఫాల్గుణమని కనిపిస్తుంది. యాప్ అమరికలో ‘అమాంత’ (అమావాస్యతో ముగిసే మాసం) ఎంచుకుంటే సమస్య తీరుతుంది. అయనం సూర్యుణ్ణి బట్టి మారుతుంది, చాంద్రమాసాన్ని బట్టి కాదు. జూలై 16, 17 ప్రాంతాల కర్కాటక సంక్రమణం అయిపోతే ఆషాఢంలో ఉన్నా ‘దక్షిణాయనే’ అనాలి. వారం సూర్యోదయం నుంచి సూర్యోదయం వరకు. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు కూర్చుంటే అది ఇంకా ‘భృగువాసరే’, అంటే శుక్రవారమే.

ఇదంతా వేళ్ళ మీద లేనివాళ్ళు వెనకాడనక్కర్లేదు. నిత్యపూజకు ‘శుభతిథౌ, శుభవాసరే, శుభనక్షత్రే’ అని చెప్పుకునే సంప్రదాయం ఉంది. తప్పు తిథి చెప్పడం కన్నా అది నయం. ‘పూర్వోక్త ఏవంగుణ విశేషణ విశిష్టాయాం’ అనే చిన్నరూపం మాత్రం ఆ రోజు అంతకుముందే పూర్తి సంకల్పం చెప్పినప్పుడు, గణపతి పూజ అయ్యాక ప్రధాన పూజకు, వాడేది. ముందు ఏమీ చెప్పకుండా ‘ముందు చెప్పినట్టుగా’ అనడం అర్థం లేని మాట.

కోరిక చెప్పే వరుస చూడండి. ‘మమ ఉపాత్త సమస్త దురితక్షయ ద్వారా శ్రీ పరమేశ్వర ప్రీత్యర్థం’ అన్నది ముందు. నేను మూటగట్టుకున్న చెడు పోవాలి, ఆ దారిన దైవానికి ప్రీతి కలగాలి. క్షేమం, స్థైర్యం, ధైర్యం, విజయం, ఆయురారోగ్యాలు, ఐశ్వర్యం ఆ తరువాత. అవీ ‘సహకుటుంబానాం’ అని ఇంటిల్లిపాదికీ. పిల్లవాడి ఉద్యోగం కోసం, అమ్మాయి పెళ్ళి కోసం అడగడంలో తప్పేమీ లేదు. అడిగే చోటు ఎక్కడో ఈ వాక్యం నేర్పుతుంది. ఆ వెంటనే ‘సంభవద్భిః ద్రవ్యైః, సంభవద్భిః ఉపచారైః, యావచ్ఛక్తి’ అంటాం. దొరికిన ద్రవ్యాలతో, వీలైన ఉపచారాలతో, నా శక్తి ఉన్నంత మేర చేస్తాను. తామర పువ్వులు దొరకలేదని, పట్టుచీర లేదని వ్రతం మానేసేవాళ్ళు ఈ మాటను ఒక్కసారి నిదానంగా చదువుకోవాలి. మాట ఇచ్చేటప్పుడే హద్దు చెప్పుకోవడం మన పెద్దలు పెట్టిన నియమం.

ఆ హద్దు జపదీక్షల్లో ఎక్కువగా దాటుతుంటారు. నలభై రోజులు రోజుకు 1008 గాయత్రి అని ఉత్సాహంగా సంకల్పిస్తారు. ఒక్క గాయత్రికి పది సెకన్లు వేసుకున్నా 1008కి రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఉద్యోగానికి వెళ్ళేవాడు ఎన్నాళ్ళు చేయగలడు? వారం తిరక్కుండా అక్షరాలు మింగడం, తరువాత మానేయడం, ఆపైన భయం. 108 అయితే పద్దెనిమిది నిమిషాలు. సంకల్పంలో చెప్పేది 108 చేసి, తీరిక దొరికిన రోజు ఎంత ఎక్కువ చేసినా ఆటంకం లేదు. చదువుకైనా, అప్పు తీర్చడానికైనా, మందు మానడానికైనా ఇదే లెక్క. ‘అద్య’ అంటే ఈ రోజు. ‘రేపటి నుంచి’ అనే మాటకు సంకల్పంలో చోటు లేదు.

ఇక్కడ గీత చదివినవాళ్ళకు ఒక సందేహం వస్తుంది. ఆరో అధ్యాయంలో ‘న హ్యసన్న్యస్తసంకల్పో యోగీ భవతి కశ్చన’ అన్నాడు భగవానుడు. సంకల్పాన్ని విడవనివాడు ఎవడూ యోగి కాలేడట. మరి ప్రతి పూజా సంకల్పంతోనే ఎందుకు మొదలవుతుంది? సంకల్పాల గుంపు మనసులో ఎలాగూ ఉంది. ‘స యథాకామో భవతి తత్క్రతుర్భవతి’ అంటుంది బృహదారణ్యకం: కోరిక ఎలాంటిదో నిశ్చయం అలాంటిది, నిశ్చయం ఎలాంటిదో పని అలాంటిది, పనిని బట్టే పొందేది. చెదిరి ఉన్న వాటిని ఒక్కటిగా చేసి, నోటితో పలికి, చివర దాన్ని కూడా వదిలేయించడం కర్మకాండ చేసే పని. పూజ ముగిశాక ‘ఏతత్ఫలం శ్రీ పరమేశ్వరార్పణమస్తు’ అని అక్షతలతో నీళ్ళు వదులుతాం కదా, గీత అడిగిన త్యాగం అది. శ్రీవైష్ణవులు దీన్ని ఇంకా ముందుకు జరిపి, సాత్త్విక త్యాగంలో పని మొదలుపెట్టేటప్పుడే భగవంతుడే నాచేత ‘కారయతి’ (చేయిస్తున్నాడు) అని, ముగిశాక ‘కారితవాన్’ (చేయించాడు) అని చెప్పుకుంటారు. హారతి కాగానే లేచి ప్రసాదాల వైపు వెళ్ళిపోయే ఇళ్ళలో ఈ వదలడం జరగడం లేదు. సంకల్పం పట్టుకున్నది పట్టుకున్నట్టే మిగిలిపోతుంది. అర నిమిషం పని, దయచేసి మానకండి.

మధ్యలో ఆటంకం వస్తే ఏంటని చాలామంది బెంగపడతారు. ధర్మశాస్త్ర నిబంధనల్లో ‘ప్రారబ్ధే సూతకం న స్యాత్, అనారబ్ధే తు సూతకం’ అనే వచనం ఉంది. మొదలైన కర్మకు ఆశౌచం (పురుడు, మరణాల మైల) అడ్డు రాదు, మొదలు కానిదానికి వస్తుంది. ఎప్పుడు మొదలైనట్టు అన్నదానికీ అక్కడే జవాబుంది: యజ్ఞానికి ఋత్విక్కుల వరణం (యజ్ఞం జరిపేవాళ్ళను ఎంచుకోవడం), పెళ్ళికి నాందీముఖం (ముందుగా పితృదేవతలకు చేసే శుభకర్మ), శ్రాద్ధానికి వంట, వ్రతానికి సంకల్పం. అక్షతలు చేతి నుంచి జారిన క్షణానికి ఇంత బలం ఉంది. ఏ సందర్భంలో ఎంతవరకు వర్తిస్తుందో మీ ఇంటి పురోహితుణ్ణి అడగండి. జబ్బు చేసి దీక్షలో ఒక రోజు జపం తప్పితే, లేచిన రోజు ఆ సంఖ్య కలిపి చేసి, చివర, ఎవరిని తలచుకుని పేరు పలికితే పూజలో లోటు వెంటనే నిండుతుందో ఆ అచ్యుతుడికి మొక్కే ఈ శ్లోకం చెప్పుకుని నీళ్ళు వదలాలి:

యస్య స్మృత్యా చ నామోక్త్యా తపఃపూజాక్రియాదిషు
న్యూనం సంపూర్ణతాం యాతి సద్యో వందే తమచ్యుతమ్